కూర్చునే పని

పెద్దక్క నోటికి ఆసుపత్రి లాండ్రీ అంతా హడలి చస్తుంది. ఆ మాట ఎవరైనా ఎదురుగా అంటే కోపం వచ్చినట్టు మొహం పెడుతుంది గానీ లోపల్లోపల మురిసిపోతుంది. మడతల బల్ల దగ్గర ఆమె నిలబడితే పక్కనున్న నలుగురి చేతులూ చకచకా ఆడతాయి. దుప్పటి అంచుకు అంచు కలవకపోతే ఊరుకోదు. అలాగని చెడ్డ మనిషి అనుకునేరు, కాదు. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే వాళ్ళ వాటా కూడా తనే మడిచేస్తుంది. ఎవరింట్లో మొగుడూ పెళ్ళాలు గొడవపడినా వెళ్ళి తీర్పు చెప్పి వస్తుంది, వాళ్ళు పిలిచినా పిలవకపోయినా. ఆమెకంటే వయసులో పెద్దదైన ఇస్త్రీ పిన్ని కూడా ఆమెను పెద్దక్కా అనే పిలుస్తుంది.

ఒక పూట ఆమె కన్ను చిలక మీద పడింది. చిలక అసలు మాట్లాడదు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేదాకా పట్టుమని పది మాటలు వినబడవు. అందుకే అందరూ కలిసి ఆ పిల్లకు చిలక అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఇప్పుడు ఆరో నెల. ఉతికే యంత్రం తలుపు తీసి, సగం ఒళ్ళు లోపలికి వంచి, ఒకదానికొకటి మెలివేసుకున్న తడి దుప్పట్లను లాగుతోంది. నీళ్ళు పీల్చిన దుప్పటి ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకే తెలుసు. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో లాగి, బండిలో పడేసి, నడుం పట్టుకుని ఊపిరి తీసుకుంది. మళ్ళీ వంగింది.

"ఇదేం చోద్యమే తల్లీ! ఆగు, ఆగక్కడ," అంటూ పెద్దక్క చేతిలోని దిండు గలీబు బల్ల మీద విసిరేసింది. చిలక చెయ్యి పట్టుకుని బరబరా సూపర్‌వైజరు గదికి లాక్కుపోయింది. సూపర్‌వైజరుకి అందరూ చాటుగా గడియారం అని పేరు పెట్టుకున్నారు. మనిషి మొహం చూడడు, చేతి గడియారం చూస్తూ మాట్లాడతాడు.

"ఏం సార్, మీ ఇంట్లో ఆడవాళ్ళు లేరా? కడుపుతో ఉన్న పిల్ల చేత తడి గుడ్డలు మోయిస్తారా? రేపేదన్నా అయితే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది?"

"పని ఎంతుందో చూస్తున్నారుగా అక్కా," అన్నాడు గడియారం. అదీ నిజమే. పైన రెండు అంతస్తులూ కొత్త వైరస్ రోగులతో నిండిపోయాయి. దుప్పట్లు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. "కూర్చోబెట్టే పని నా దగ్గరెక్కడుంది?"

"ఎందుకు లేదు? అవతలి గదిలో ఆ కుర్చీ ఖాళీయే కదా!"

లాండ్రీకి మధ్యలో ఒక గోడ ఉంది. ఉతికే యంత్రాలు ఆ గోడలోనే బిగించి ఉంటాయి. అటు తలుపులోంచి మురికి గుడ్డలు వేస్తారు, ఇటు తలుపులోంచి శుభ్రమైనవి తీస్తారు. అటువాళ్ళు ఇటు రాకూడదు, ఇటువాళ్ళు అటు పోకూడదు. ఇన్నేళ్ళ నౌకరీలో పెద్దక్క ఆ గోడ దాటింది లేదు. గోడలోని చిన్న అద్దంలోంచి అవతలి గది ఒక ముక్క మాత్రం కనబడుతుంది. ఒక కిటికీ, దాని కింద ఎత్తయిన కుర్చీ, ఎదురుగా గోడ ఫ్యాను. అక్కడ కూర్చుని వార్డుల నుంచి వచ్చిన గుడ్డలు వేరు చేసే ముసలాయన ఈమధ్యే పని మానేశాడు. ఎందుకు మానేశాడని ఎవరూ అడగలేదు.

"అక్కడా?" గడియారం తొలిసారి తలెత్తి ఆమె మొహం చూశాడు. "అది కాదక్కా, అక్కడ పని వేరే..."

"వేరే ఏంటండీ వేరే? కాలు మీద కాలేసుకుని గుడ్డలు ఏరి పక్కన పెట్టడమేగా! వంగక్కర్లేదు, మొయ్యక్కర్లేదు. ఫ్యాను కూడా ఉంది. మీకు ఇష్టమైనవాళ్ళ కోసం దాచిపెట్టుకున్నారా ఏంటి?"

"అక్కా, నాకు ఇక్కడే..." అని వెనక నుంచి చిలక గొంతు సన్నగా వినబడింది.

"నువ్వుండవే. నీకేం తెలుసు? నోట్లో నాలుక లేదు కాబట్టే నీకీ గతి," అని పెద్దక్క ఆ పిల్ల చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "చూడండి సార్, ఇస్తారా లేక నేను పై ఆఫీసు మెట్లెక్కనా?"

గడియారం చేతి గడియారం చూసుకున్నాడు. "సరే, మీ ఇష్టం. తర్వాత నన్ననొద్దు," అన్నాడు. పెద్దక్క ఆ మాటను ఓడిపోయినవాడి సణుగుడు కింద తీసి పారేసింది.

బయటికొచ్చాక చిలక తలవంచుకుని నిలబడింది. "ఏమే, ఆ మొహమేంటి? సంతోషం లేదా?" అని గడ్డం పట్టుకుని ఎత్తింది పెద్దక్క. చిలక నవ్వింది. "చాలా థాంక్సక్కా," అంది. ఆ రాత్రి పెద్దక్కకు కమ్మగా నిద్ర పట్టింది. ఒకరికి మేలు చేసిన రోజున ఎవరికైనా అంతే.

ఆ తర్వాత మడతల బల్ల దగ్గర ఆ కుర్చీ గురించే కబుర్లు. "దానికేం, మహారాణి. ఫ్యాను కింద కూర్చుంటుంది," అని ఇస్త్రీ పిన్ని మోకాళ్ళు నొక్కుకుంటూ మూతి విరిచింది. "మాకూ పిల్లలు పుట్టారు. మాకెవరేశారమ్మా కుర్చీలు?" పెద్దక్క వాళ్ళ నోళ్ళు మూయించింది. మధ్యాహ్నం గోడ అద్దం దగ్గరికెళ్ళి చేత్తో తట్టి, ఎలా ఉంది అని సైగ చేసేది. అవతల చిలక తల ఊపేది. ముక్కు మీద ఉతికీ ఉతికీ వదులైపోయిన మాస్కు, చేతులకు పల్చటి గ్లవ్స్. ముందున్న సంచిలోంచి ఏదో తీస్తూ మొహం పక్కకు తిప్పుకునేది. ఈ నెలల్లో వాసనలు పడవులే అనుకునేది పెద్దక్క. భోజనాల వేళ రోజూ ఒక ఉడికించిన గుడ్డు తెచ్చి చిలక చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడేది. చిలక గుటుక్కున మింగి నీళ్ళు తాగేది.

ఒకరోజు చిలక భోజనానికి రాలేదు. పెద్దక్క వెతుక్కుంటూ వెళ్తే, లాండ్రీ వెనక మెట్ల మీద కూర్చుని గోడకు తలానించి ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. దగ్గు వస్తుంటే ఆపుకోవడానికి పమిట చెంగు నోట్లో కుక్కుకుంటోంది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"మొన్నటి నుంచి."

"మొన్నటి నుంచా! చెప్పవేం?" అని కసురుకుంటూనే పెద్దక్క ఆ పిల్లను లేవదీసింది. నడుం చుట్టూ చెయ్యేసి గర్భిణుల వార్డు దాకా నడిపించుకెళ్ళింది. దూరంగా ఉండండి అక్కా, అంటుకుంటుంది అని చిలక అంటూనే ఉంది. పెద్దక్క వింటేగా.

వార్డు ముందు గదిలో ప్లాస్టిక్ తెర కట్టారు. తెరకు అటు నర్సు, ఇటు చిలక. పెద్దక్కను గుమ్మం దగ్గరే ఆపేశారు. నర్సు మొహానికి మాస్కు, దాని మీద అద్దం. కళ్ళు మాత్రం అలసిపోయి కనబడుతున్నాయి. చిలక వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించి, అంకె చూసి, ఇంకోసారి చూసింది.

"షుగరుందా?"

"ఈ కాన్పుకే వచ్చిందమ్మా."

"కార్డులో రక్తం కూడా తక్కువే ఉంది. ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

చిలక వేళ్ళు మడిచి చెప్పింది. అత్త, మామ, మొగుడు, ఆడపడుచు, ఆమె ఇద్దరు పిల్లలు. రెండు గదులు. నర్సు నిట్టూర్చింది.

"మీ ఆయనేం చేస్తాడు?"

"బస్సు కండక్టరు."

"ఇంకేం, అన్నీ ఉన్నాయి," అంది నర్సు. "చూడమ్మా, నెలలు నిండేకొద్దీ కడుపు పైకొచ్చి ఊపిరితిత్తులకు చోటు చాలదు. దానికి షుగరు, రక్తం లేకపోవడం. పైన ఇరుకు కొంప, రోజంతా జనంలో తిరిగే మొగుడు. ఇలాంటప్పుడు వైరస్ దొరికితే వదలదు. మరి నువ్వేం పని చేస్తావు?"

చిలక నోరు తెరిచింది. ఆమెకంటే ముందు గుమ్మంలోంచి పెద్దక్క గొంతు వచ్చింది.

"ఇక్కడే లాండ్రీలో అమ్మా! కూర్చునే పనే. బరువులు మోస్తుంటే నేనే పోట్లాడి మాన్పించాను."

"మంచి పని చేశారు," అంది నర్సు. "పని దగ్గర ఇబ్బంది లేదన్నమాట. ఇంట్లోంచే వచ్చుంటుంది."

చిలక పెద్దక్క వైపు చూసింది. తర్వాత నర్సు వైపు చూసింది. దగ్గు తెర వచ్చింది. అది తగ్గేసరికి చక్రాల కుర్చీ వచ్చేసింది.

సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర చిలక మొగుడు నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, భుజానికి టికెట్ల సంచి. అతన్ని చూడగానే పెద్దక్కకు ఒళ్ళు మండిపోయింది.

"వచ్చావా నాయనా! ఊరందరినీ బస్సెక్కించుకుని, వాళ్ళ రోగం మోసుకొచ్చి పెళ్ళానికి అంటించావా? కడుపుతో ఉందన్న జ్ఞానం ఉండక్కర్లేదా?"

నలుగురూ చూస్తున్నారు. "ఎలా ఉందండీ?" అని మాత్రం అడిగాడతను. లోపలికి ఎవర్నీ పంపడం లేదని తెలిశాక గేటు పక్క చప్టా మీద కూర్చుండిపోయాడు. అంత తిట్టినా చలనం లేదు చూడు, ఏం మగాళ్ళో, అనుకుంటూ పెద్దక్క ఇంటికి పోయింది.

మర్నాడు ఖాళీ కుర్చీ గొడవ మొదలైంది. అవతలి గదిలో సంచులు పేరుకుపోయాయి. ఇస్త్రీ పిన్ని పెద్దక్క కొంగు పట్టుకుంది. "నువ్వు అడిగితే గడియారం కాదనడు. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా." పెద్దక్కకు అది నచ్చలేదు. ఇవాళ పిన్నిని కూర్చోబెడితే రేపు లేవమంటే లేస్తుందా? చిలక వచ్చేసరికి కుర్చీ పోతుంది. అందుకని, ఆ పిల్ల తిరిగొచ్చేదాకా తనే కూర్చుంటానని చెప్పి, కొంగు నడుముకు దోపుకుని, వెనక తలుపులోంచి గోడ దాటింది.

గదిలోకి అడుగు పెట్టగానే ముక్కులు బద్దలయ్యే వాసన కొట్టింది. అద్దంలోంచి కనబడిన ముక్కకు అవతల అసలు గది ఉంది. గోడ పొడుగునా ఎర్ర సంచులు, ఒకదాని మీద ఒకటి. కిటికీ ఉందన్నమాటే గానీ దానికి మేకులు కొట్టేశారు. ఆమె కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ఫ్యాను. దాని గాలి సంచుల మీదుగా వచ్చి సరిగ్గా మొహానికి కొడుతోంది.

ఇంతలో బయటి తలుపు తెరుచుకుంది. సంచులు మోసే మనిషి వచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి ప్లాస్టిక్ తొడుగు, కళ్ళకు అద్దాలు, మోచేతుల దాకా రబ్బరు గ్లవ్స్. సంచిని ఒంటికి తగలకుండా చేతులు చాచి పట్టుకుని, ఆమె కాళ్ళ ముందు పడేసి, గబగబా వెనక్కి జరిగాడు.

"ఇదేంటయ్యా?" అంది పెద్దక్క.

"పై వార్డులది. విప్పి చూడండి."

"దీన్ని ముట్టుకోవడానికి నీకు అంత వేషం కావాలా? మరి విప్పేవాళ్ళకేది?"

"నాకిచ్చారు, వేసుకున్నాను. ఇక్కడివాళ్ళకి ఇవ్వలేదు," అన్నాడతను తొడుగులోంచి. "అసలు ఎర్ర సంచులు విప్పకూడదమ్మా. కట్టిన సంచి కట్టినట్టే యంత్రంలో వేసేయాలి. కానీ చెంచాలు, కళ్ళజోళ్ళు గుడ్డల్లో పడొచ్చి యంత్రాలు చెడిపోతున్నాయని మీ సారు అన్నీ విప్పించి చూడమన్నాడు. ఇంతకుముందు ఇక్కడుండే తాత అందుకే భయపడి దండం పెట్టి పోయాడు. తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. పాపం, ఆ కడుపుతో... ఆమె రాలేదా ఇవాళ?"

పెద్దక్క సంచిని దగ్గరికి లాక్కుంది. ముడి విప్పింది. తడిసిన దిండు గలీబులు, దగ్గి ఉమ్మిన తువ్వాళ్ళు, ఎవరో ఊపిరాడక పిడికిట్లో నలిపి నలిపి వదిలేసిన దుప్పటి. దాన్ని దులిపి చూడాలి. దులిపితేనే కదా చెంచా ఉందో లేదో తెలిసేది. చిలక రోజూ ఇవి దులిపింది. దులుపుతూ మొహం పక్కకు తిప్పుకుంది. గోడకు అటు నుంచి తను అద్దం తట్టి, బాగుందా అని సైగ చేసింది. పెద్దక్క గుడ్డ కింద పడేసి, ఉన్నపళంగా లేచి గడియారం గదిలోకి ఊడిపడింది.

"ఆ గదిలోనా మీరు ఆ పిల్లను కూర్చోబెట్టింది!"

"నేనా?" అన్నాడతను. ఈసారి గడియారం చూడలేదు. "అక్కడ పని వేరే రకమని చెప్పబోయాను. మీరు విన్నారా? పై ఆఫీసుకు వెళ్తానన్నారు. మీ ఇష్టం అన్నాను."

"ఒక్క ముక్క గట్టిగా చెప్పలేకపోయారా? సంచులు విప్పమంది మీరు కాదూ?"

"యంత్రం చెడితే పైవాళ్ళు నన్నే అడుగుతారక్కా. నాకూ పిల్లలున్నారు. అయినా ఇంట్లోంచే వచ్చిందని నర్సమ్మ అందని పొద్దున మీరే చెప్పారుగా. మీరే కదా పని దగ్గర ఇబ్బంది లేదన్నది. మళ్ళీ ఇదంతా ఎందుకు కెలుకుతారు?"

పెద్దక్కకు తిట్లు కొత్త కాదు. ఆ పూట ఒక్కటీ నోటికి రాలేదు. ఎవర్ని తిట్టబోయినా అది తిరిగి తన మీదే పడుతోంది. అక్కణ్ణుంచి గర్భిణుల వార్డుకు పరుగెత్తింది. నర్సును పట్టుకుని, ఎగపోసుకుంటూ అంతా చెప్పింది. ఎర్ర సంచులు, ఫ్యాను, మేకులు కొట్టిన కిటికీ, అన్నీ. ఇంట్లోంచి కాదమ్మా, ఇక్కడి నుంచే, నేనే, నేనే కూర్చోబెట్టాను అంది.

నర్సు చాలాసేపు విన్నది. "ఇంట్లోవాళ్ళందరికీ పరీక్ష చేయించాం. ఒక్కరికీ లేదు. అప్పుడే మాకూ అనుమానం వచ్చింది," అంది నెమ్మదిగా. "కానీ పెద్దమ్మా, ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ఇప్పుడు ఆమెకు పనికొచ్చే సంగతి కాదు. పొద్దున ఊపిరి అందక, తల్లిని కాపాడుకోవడానికి బిడ్డను తీసేశారు. తల్లి నిలబడేట్టుంది."

"బిడ్డ?"

నర్సు తల అడ్డంగా ఊపింది. "మరీ నెలలు తక్కువ. ఆడపిల్ల."

పెద్దక్క వరండాలో గోడ పట్టుకుని కూలబడింది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తుంటే, ఇంత ఏడవడానికి నాకేం హక్కుంది అని కూడా అనిపించింది. అయినా ఏడుపు ఆగలేదు.

ఇస్త్రీ పిన్నికి ఆమె జరిగిందంతా చెప్పి, ఆ కుర్చీ వైపు కన్నెత్తి చూడొద్దంది. ఆడవాళ్ళందర్నీ కూడగట్టి, సంచులు విప్పితే పనిలోకి రామని గొడవ చేసింది. రెండు పూటలు యంత్రాలు ఆగిపోయేసరికి, ఎర్ర సంచులు విప్పక్కర్లేదని పైనుంచి కబురొచ్చింది. అందరూ పెద్దక్కను పొగిడారు. నీ నోరే లేకపోతే ఏమైపోయేవాళ్ళం అన్నారు. ఇంతకుముందైతే ఆ పొగడ్తకు ఉబ్బిపోయేది. ఇప్పుడు ఆ మాట వింటే ఎవరో చెంప మీద కొట్టినట్టుంది.

చిలకను ఇంటికి పంపించారని తెలిశాక కూడా వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వెళ్ళకుండానూ ఉండలేకపోయింది. ఏమన్నా సరే, పడి రావాలనుకుంది. ఆ ఇంటివాళ్ళు దుమ్మెత్తి పోయాలి, గుమ్మంలోంచే తరిమేయాలి. అలాగైనా కొంచెం బరువు దిగుతుందని ఆశ.

గుమ్మంలో చిలక అత్త ఎదురొచ్చింది. పెద్దక్కను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది.

"రండి వదినా, రండి. మీ గురించి మా కోడలు ఎప్పుడూ చెబుతుంది. బరువులు మోస్తుంటే మీరే కదా పోట్లాడి మాన్పించింది. ఈ రోజుల్లో సొంతవాళ్ళే పట్టించుకోవడం లేదు. మీ రుణం ఎలా తీర్చుకుంటామో."

"అలా అనకండి వదినా," అంది పెద్దక్క. లోపల మెట్ల కింద చుట్టి పెట్టిన చాప కనబడింది. ఆమె చూపు అటు పడడం చూసి అత్త అంది. "మా వాడిదే. ఊళ్ళో ఈ రోగం మొదలైన దగ్గర్నుంచి లోపలికి రాలేదు, మెట్ల మీదే పడుకున్నాడు. పెళ్ళాన్ని వాకిట్లోంచే పలకరించేవాడు. అయినా ఎలా తగులుకుందో మాయదారి జబ్బు. నావల్లేనేమో, నావల్లేనేమో అని వాడు కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నాడు."

"అతనివల్ల కాదు వదినా," అంది పెద్దక్క. "నావల్ల." నిలబడే మొత్తం చెప్పేసింది. కుర్చీ సంగతి, సంచుల సంగతి, నర్సు అడిగినప్పుడు తను అడ్డుపడి చెప్పిన జవాబు, గేటు దగ్గర ఆ పిల్లాణ్ణి అన్న మాటలు. అత్త పట్టుకున్న చేతులు మెల్లగా వదిలేసింది. లోపలి గది వైపు చెయ్యి చూపించి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చిలక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పొట్ట మీద చెయ్యేసుకునే అలవాటు ఇంకా పోలేదు, చెయ్యి ఆ ఖాళీ మీదే ఉంది. మాటలన్నీ విన్నట్టుంది.

పెద్దక్క మంచం పక్కన నేల మీద కూర్చుంది. "తిట్టవే," అంది. "నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. ఆ గదిలో ఏముందో నాకు తెలీదే తల్లీ. ఒట్టు, నిజంగా తెలీదు."

"నాకు తెలుసక్కా," అంది చిలక.

"ఏంటి?"

"మొదటి రోజే కళ్ళారా చూశాను. అంతకుముందే తెలుసు కూడా. తాత పని మానేసేటప్పుడు నాతో చెప్పే వెళ్ళాడు."

పెద్దక్క ఆ మాటను మింగలేకపోయింది. దుఃఖం కాస్తా కోపమై నెత్తికెక్కింది. "తెలిసీ కూర్చున్నావా! కడుపులో పిల్లను పెట్టుకుని! నోరు లేదంటే మరీ ఇంత లేదా? వద్దని ఒక్క మాట, ఒక్క ముక్క నాతో చెబితే నీ సొమ్మేం పోయేదే?"

అరిచాక గానీ తను అరుస్తున్నానని ఆమెకు తెలియలేదు. చిలక బెదరలేదు. దగ్గు వస్తే ఆగి, నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"చెప్పబోయాను. నువ్వుండవే అన్నారు. నర్సమ్మ దగ్గర కూడా చెప్పబోయాను," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. "నా కోసం అందరితో గొడవపడ్డారు కదా. కాదంటే మీరు చిన్నబుచ్చుకుంటారని మొహమాటపడ్డాను. కొన్నాళ్ళేగా, ఏం కాదులే అనుకున్నాను. అయినా మీతో వద్దని చెప్పి నెగ్గినవాళ్ళు ఎవరున్నారక్కా?"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. పెద్దక్క చీర అంచు పట్టుకుని, వేళ్ళతో మడత పెట్టింది, విప్పింది. ఏదో ఒకటి చేయాలి. చేయకుండా ఆమె ఎప్పుడూ ఉండలేదు.

"సరే, జరిగిందేదో జరిగింది. నువ్వు బాగా కోలుకున్నాకే రా. నేను గడియారంతో మాట్లాడతాను. నిన్ను మడతల బల్ల దగ్గర నా పక్కనే..."

"వద్దక్కా."

అది పెద్ద గొంతు కాదు. అయినా అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసింది.

"నాకోసం ఎవరితోనూ మాట్లాడొద్దు," అంది చిలక. "నేను తడి దుప్పట్లే మోసుకుంటాను. ఇప్పుడు నాకు అడ్డేం లేదుగా."

పెద్దక్క నోరు తెరిచింది. చిలక ఆమె మొహంలోకి సూటిగా చూస్తూ, ఆమె ఏమంటుందో విందామని ఆగింది. పెద్దక్క నోరు మూసుకుంది.